ముగ్గు గీత మీద పిల్ల

డెబ్బై ఏళ్లు నిండబోతుండగా మా అత్తకు వణుకుడు జబ్బు ముదిరి నడక ఆగిపోయింది. లేచి నిలబడేది, కానీ పాదాలు నేలకు అతుక్కుపోయేవి. విజయనగరం డాక్టరు మాత్రలిచ్చి, రోజూ నడిపించకపోతే మంచాన పడిపోతుందని తేల్చి చెప్పాడు. రాజాం దగ్గర మా పల్లెలో నడిపించడానికి ఉన్నది నేనొక్కదాన్నే. నాకా ఓపిక తక్కువ.

ఒక పొద్దున వాకిట్లో ముగ్గు తొక్కకూడదని ఆవిడ కాలెత్తి దాటడం నా కంటబడింది. చిన్ననాటి అలవాటు, జబ్బుకు లొంగలేదు. ఇంకేం, పెరట్లో నూతి దాకా ముగ్గుపిండితో అడుగుకో అడ్డగీత పెట్టాను. దాటుకుంటూ నడిచింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మాత్ర పెంచాక వణుకు తగ్గింది, నోరు మాత్రం ఎండిపోయేది. ఒకరోజు నూతి పక్క గీత ముందు ఆగిపోయింది.

"నడు అత్తా."

"పిల్ల కూకున్నాది. ఎలాగ దాటతాను?"

"ఏ పిల్ల?"

"ఏమో. అటు తిరిగి కూకున్నాది. జుత్తంతా తడి."

ఎండ దంచేస్తోంది. గీత మీద ఏమీ లేదు. మర్నాడూ అక్కడే, అటు తిరిగే ఉందట. పొరుగావిడ గాలి సోకిందంది. ఆవిడ మీద మండిపడ్డాను గానీ, ఆ గీత పెట్టేటప్పుడు నా చెయ్యి తొందరపడేది.

నడక పోతుందన్న భయంతో చివరికి నేనే కసిరాను. "ఒలే పిల్లా, లెగు. మా అత్త నడవాల."

అత్త కాసేపు చూసి, "జరిగినాది" అని కాలెత్తింది.

డాక్టరుకు చెబితే, ఇది మాత్రల పనేనని సగానికి తగ్గించాడు. పిల్ల రావడం మానేసింది. వణుకు తిరిగొచ్చింది. ఇప్పుడు గీతల ముందు కూడా పాదాలు కదలలేదు.

"పిలవ్వే," అంది అత్త.

"ఎవుల్ని? ఆ పిల్ల లేదు కదా."

"లేదని నాకూ తెలుసే. నువ్వు లెగమంటే నా కాలు లెగుస్తాది."

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఖాళీ గీతను చూస్తూ "ఒలే, లెగు" అన్నాను. అత్త కాలెత్తింది. నూతి దాకా నడిచింది.

ఆ సాయంత్రం గీతలు ఊడుస్తూ నూతి పక్క గీత దగ్గరికొచ్చాను. అత్త లోపల పడుకుని ఉంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "కొంచిం జరగవే" అన్నాను. అప్పుడు గానీ నా చెయ్యి ఆడలేదు.