కర్రోడి చెవి, బావ నెత్తి

మనిషి ఎట్లా ఉంటే ఫొటోలోనూ అట్లాగే ఉండాలన్న పట్టింపు ఆ రోజుల్లో ఎవరికీ లేదు. ఉన్న మొహం అద్దంలో రోజూ కనబడేదే, దానికి మళ్లీ ఫొటో ఎందుకు? నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఈ సిద్ధాంతానికి ఏకైక పీఠాధిపతి మా అక్క మొగుడు, రోడ్డు పనిలో మేస్త్రి. హైదరాబాదులో ఎవరి దగ్గరో పాత కెమెరా కొనుక్కొచ్చాడు, మడిస్తే జేబులో పట్టేంతది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది! అన్నం తినేటప్పుడు కూడా అది మెడలోంచి దిగేది కాదు (అక్కకు కూడా ఇంట్లో అంత మర్యాద లేదు). నల్లగొండ స్టూడియోలో ఫొటోలు కడిగించుకొచ్చి, వాకిట్లో చాపేసుకుని, పెన్సిలు, కాటుక, బ్లేడు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఫొటోలో మా అవ్వ బోసినోట్లో బ్లేడుతో గీకి తెల్లటి పళ్లు మొలిపించాడు. ఆమె ఫొటోను ఎగాదిగా చూసి, "గీ ముసల్ది ఎవలు బిడ్డా?" అంది. నా బుగ్గల మీది అమ్మవారి మచ్చలన్నీ పెన్సిలుతో పూడ్చి, కనుబొమ్మలు దిద్ది, మెడలో లేని గొలుసు కూడా వేశాడు. పదిహేడేళ్లదాన్ని, మురిసి ముక్కలయ్యాను. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

మాది గొర్ల మంద ఉన్న ఇల్లు. తల్లి చచ్చిపోయిన ఒక నల్ల గొర్రెపిల్లకు మేకపాలు తాపి నేనే పెంచాను. కర్రెగా, అంటే నల్లగా, ఉంటాడని వాడి పేరు కర్రోడు. పెరిగి పెద్ద పొట్టేలయ్యాడు. ప్రతి ఇంటికీ చెవిగుర్తు ఒకటి ఉంటుంది కదా, మాది ఎడమచెవి కొసన రెండు గాట్లు. ఒకనాడు బావ కర్రోడి పక్కన ఫొటో దిగుతానని, కెమెరా నా చేతికిచ్చి, చుట్టూ చూసి నెత్తికి చుట్టిన రుమాలు తీశాడు. నెత్తి నున్నగా గుమ్మడికాయ! "ఎవ్వలకు చెప్పకే పిల్లా, ఎంటికలు ఆనక పెట్టుకుంట" అన్నాడు. అన్నట్టే కాటుకతో దట్టంగా పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకుంటే మా బావ ఎందుకవుతాడు? పొట్టేలు చెవి 'చినిగి' ఉందని జాలిపడి, ఆ రెండు గాట్లూ పూడ్చి నిండు చెవి చేసిపెట్టాడు.

కొన్నాళ్లకు కర్రోడు మాయమయ్యాడు. నాకు అన్నం సయించలేదు. వెతగ్గా వెతగ్గా చౌటుప్పల్ వారపు గొర్ల అంగట్లో ఒకడి తాడుకు కట్టి కనిపించాడు. ఆ తాడు పట్టినవాడు ఘటికుడు, "మా గుర్తు గూడ రెండు గాట్లే, నా మందల పుట్టింది" అని బుకాయించాడు. కులపెద్ద ముందు పంచాయితీ. బాపు, మా నాన్న, పాపం గర్వంగా బావ కర్రోడితో దిగిన ఫొటో తీసి ముందుంచాడు. కులపెద్ద దాన్నీ పొట్టేలునూ మార్చి మార్చి చూశాడు.

"గీ ఫొటోల దానికి చెవి నిండుగున్నది. గీ పొట్టేలుకు గాట్లున్నయి. గిది మీది గాదు."

అంగడివాడు పొట్టేలు తాడు విప్పుతున్నాడు. బావ నేల చూపులు చూస్తున్నాడు, శిల్పి మహాశయుడు!

"బావా, ఫిల్ము తియ్యి" అన్నాను. ఆ ఫొటో కడిగిన ఫిల్ము మీద ఆయన పెన్సిలు పడలేదని, దాన్ని ఎవరికీ దొరక్కుండా జేబులోనే దాచుకు తిరుగుతాడని నాకు తెలుసు.

"గా ఫిల్ముల నా బోడి నెత్తున్నది గదనే!" అని గొణిగాడు.

"నీ నెత్తి పాడుగాను! నా కర్రోడు పోతుండు, ఇయ్యి!" అని ఆయన అంగీ జేబులోంచి నేనే లాగి కులపెద్ద చేతిలో పెట్టాను. బావ రెండు చేతులతో రుమాలు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

కులపెద్ద ఫిల్మును ఎండకు ఎత్తి చూశాడు. "ఇగో, రెండు గాట్లు! నిండు చెవి చేసిన లంగదొంగ ఎవడ్రా?" అన్నాడు. అంగడి దొంగ తాడు వదిలేసి మెల్లగా జారుకున్నాడు. కులపెద్ద మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఫిల్ములో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనబడుతుందని ఆయనకేం తెలుసు? "అల్లుడా, నెత్తి మస్తు నల్లగున్నది నీది. మీసమే పాడు తెల్లబడ్డది, జర రంగెయ్యి" అన్నాడు. బావ మొహం చూడాలి! ఆ రోజు నుంచి ఆ ఫిల్మును పది మందికీ ఎండలో చూపించుకు తిరిగాడు, సిగ్గులేని మనిషి.

బావను నేను తిట్టినంత ఎవరూ తిట్టి ఉండరు. ఆయన బతికినన్నాళ్లూ ఆ చెవి సంగతి ఎత్తి దెప్పాను. మొన్న మనవరాలు నా పెట్టె సర్దుతూ బావ దిద్దిన నా పాత ఫొటో బయటికి తీసింది. "గీమె ఎవలు నాయనమ్మా, మస్తుగున్నది?" అంది. "నేనే" అన్నాను. అది నా బుగ్గలు తడిమి చూసి, ఫొటోను చూసి, నమ్మలేదు. నవ్వొచ్చింది. కర్రోడి ఫిల్ము కోసం పదిమందిలో బావ జేబులో చెయ్యి పెట్టినదాన్ని, నా ఫిల్ము మాత్రం చూపించమని ఆయన్ను ఏనాడూ అడగలేదు.