మంచుగడ్డకున్న పాటి మర్యాద

మా అయ్యకి రేకుల ఇంటి మీద ఎంత మోజుండేదో చెప్పాలంటే ముందు మా ఇంటికొచ్చిన చుట్టాల మెడల గురించి చెప్పాలి. గడప దాటిన ప్రతివాడూ తల పైకెత్తి చూడాలి. ఎత్తకపోతే అయ్య ఊరుకునేవాడు కాదు. "పైకి సూడు బావా, పైకి సూడు. ఆకు కాదు, అసల్ టిన్" అనేవాడు. పైన ఉన్నదేమిటి? ముడతల రేకు, దాని అడుగున నీలం సిరాతో కొట్టిన ఏదో కంపెనీ ముద్ర. దేవుడి పటానికి కూడా అంత శ్రద్ధగా దణ్ణం పెట్టించలేదు మా చేత. చుట్టాలు పాపం మెడలు నొప్పిపుట్టేదాకా చూసి, "మస్త్ గుంది బావా" అని, మంచినీళ్ళు తాగి, వీలైనంత తొందరగా బయట చెట్టు నీడకి పారిపోయేవాళ్ళు. వాళ్ళెందుకు పారిపోతున్నారో అయ్య ఒక్కనాడూ ఆలోచించలేదు.

శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చినవాడు మా అయ్య. స్వాతంత్ర్యం వచ్చాక ఈ అండమాన్ దీవుల్లోకి జనం తండోపతండాలుగా వచ్చి స్థిరపడుతున్న రోజులవి. ప్రోతరాపూర్‌లో చిన్న జాగా దొరికింది. చీకటితో లేచి సముద్రం మీదికి వెళ్ళడం, చేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కడం, వాసనొస్తోందని గొణిగే కండక్టరుతో రోజూ తగువు పడటం, ఇదీ ఆయన బతుకు. మొదట్లో మాది ఆకు ఇల్లే. మడ అడవుల్లో దొరికే ధనీ ఆకుని ఒత్తుగా పేర్చి కప్పు వేసేవాళ్ళు. దానికీ రోగాలు లేకపోలేదు. తేళ్ళు రాలేవి, ఎలుకలు కాపురాలు పెట్టేవి, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఆకు మార్చాలి. కానీ మిట్టమధ్యాహ్నం ఆ కప్పు కింద పడుకుంటే హాయిగా కళ్ళు మూతలు పడేవి. ఆ సుఖం విలువ మాకు అది పోయాకే తెలిసింది.

రేకు వచ్చింది. ఊరు చూసేలా లారీ మీద వచ్చింది. అయ్య ఆకు కప్పు పీకించి, పెరట్లో మేకల కొట్టం మీద పడేయించాడు. మాకు రేకు, మేకలకు ఆకు. ఆ ఏర్పాటులో ఎవరికి మేలు జరిగిందో మేకల మొహాలు చూస్తే తెలిసేది.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు సాగింది మా వైభవం. పొద్దెక్కేసరికి రేకు కాలడం మొదలెట్టేది. మధ్యాహ్నానికి ఇంట్లో నిలబడితే మాడు కాలేది. కుండలో నీళ్ళు కూడా గోరువెచ్చగా తగిలేవి. వానాకాలం వచ్చిందా, మరో నరకం. ఇక్కడి వానలు మర్యాదస్తుల వానలు కావు, పడితే రోజుల తరబడి పడతాయి. రేకు మీద ఆ మోతకి పక్కనున్న మనిషి మాట వినబడేది కాదు. అన్నానికి పిలవాలంటే వెళ్ళి భుజం తట్టాలి. తెల్లవారుజామున రేకు అడుగున చెమట పట్టి చుక్కలు చుక్కలుగా మా దుప్పట్ల మీద రాలేది. వాన కారకుండా ఉంటుందని వేయించుకున్న కప్పు కిందే మేం తడిసేవాళ్ళం.

అమ్మ మొదటి ఏడాదే అడిగింది. రేకు కింద వెదురు తడకలు పరిచి ఇంకో కప్పు కట్టించమంది. అయ్య ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

"తడక కడితే లోపలికొచ్చినోడికి ఏటి కనబడతాది?" అన్నాడు.

"తడక కనబడతాది."

"మరి రేకు?"

"రేకు పైనుంటాది కదా."

"పైనుంటే ఎవులికి తెలస్తాదే? తడక సూసి, పైన ఆకే ఉందనుకుంటారు. పరువు పోదేటి?"

ఇదీ మా అయ్య శాస్త్రం. కప్పు అనేది కిందున్నవాళ్ళ కోసం కాదు, చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం. ఈ జబ్బు ఆయనొక్కడిదే అయినా బాగుండేది. మా ఇల్లు చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు ఆకు పీకి రేకులు వేశారు. వీధి వీధంతా తళతళా మెరిసింది. మధ్యాహ్నమయ్యేసరికి మెరిసే ఇళ్ళు వదిలేసి మగాళ్ళందరూ చెట్ల కింద కూర్చుని, ఎవరి రేకు మందమో వాదించుకునేవాళ్ళు. పైన పటారం, లోన లొటారం అనే మాట మా వీధిని చూసే పుట్టి ఉండాలి.

అలాంటి ఇంటికి మా అప్ప, అంటే మా అక్క, మొదటి కాన్పుకి వచ్చింది. అప్పని చాతం నుంచి పడవ దాటితే వచ్చే బాంబూఫ్లాట్‌లో ఇచ్చారు. మండు వేసవిలో, నిండు నెలలతో దిగింది. దాన్ని చూడగానే అమ్మ మొహంలో సంతోషం ఎంత కనబడిందో భయమూ అంతే కనబడింది. మాలో బాలింతని ఉంచే పద్ధతి ఒకటుంది. గాలి తగిలితే ఒళ్ళు లాగేస్తుందని గది కిటికీలు మూసేస్తారు, సందుల్లో గుడ్డలు కుక్కుతారు, మంచం కింద నిప్పుల కుంపటి పెడతారు. మా ఒడ్డున, ఆకుల ఇళ్ళల్లో, సముద్రపు చలిగాలికి పుట్టిన ఆచారం అది. అక్కడ దానికి అర్థం ఉందేమో. అదే ఆచారాన్ని అండమాన్ ఎండలో రేకు కిందికి మోసుకొచ్చారు మావాళ్ళు. ఓడెక్కేటప్పుడు బుర్రలు మాత్రం ఒడ్డునే వదిలేసినట్టున్నారు. ఆచారం దాటే ధైర్యం అమ్మకి లేదు. కుంపటి ఎలాగూ తప్పదు కాబట్టి రేకు కింద తడకల కప్పైనా వేయించాలని పట్టుబట్టింది.

ఆ రోజు అయ్య పెరట్లో మంచుగడ్డ సర్దుతున్నాడు. అమ్ముడుపోని చేప పాడవకుండా ఊళ్ళోంచి మంచుగడ్డ తెచ్చి, చెక్కపెట్టెలో పెట్టి, చాతం కలప మిల్లు నుంచి తెచ్చిన రంపపుపొట్టు దాని చుట్టూ దట్టంగా కూరి, పైన గోనె కప్పేవాడు. ఎంత ఎండలోనైనా ఆ గడ్డ మర్నాటికి మిగిలేది. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. అమ్మ వెళ్ళి ఆ పెట్టె పక్కన నిలబడింది.

"పొట్టు ఎందుకేస్తన్నావు?" అంది.

"ఎందుకేటి? వేడి దిగకుండా."

"మంచుగడ్డకి వేడి దిగకుండా సూత్తన్నావు. కడుపుతో ఉన్న పిల్లకి వద్దేటి? తడకలేసి, మీద ఇదే పొట్టు పోయించు. గడ్డకున్నపాటి మర్యాద నీ కూతురికి లేదా?"

ఇరుక్కున్నప్పుడల్లా అయ్య వాయిదా వేసేవాడు. "సమ్దీ వోల్లు పురుడుకొత్తారు. ఆల్లు రేకు సూసి ఎల్లిపోయాక వేయిత్తాను లే" అన్నాడు. వియ్యంకులు వచ్చి, తలలెత్తి, రేకు చూసి, మెచ్చుకుని వెళ్ళేదాకా అప్ప ఉడకాలన్నమాట. నాకు అప్పటికి పెళ్ళీడు వచ్చింది, నోరు అంతకుముందే వచ్చింది. "ముద్ర ఉన్న రేకు ఒకటి ఊడదీసి గుమ్మానికి వేలాడదీద్దాం అయ్యా, మెడ ఎత్తకుండా చూస్తారు" అన్నాను. చేతిలో గోనె నా మీదికి విసిరాడు.

ఆడపిల్ల పుట్టింది. గది తలుపు మూశారు, కుంపటి పెట్టారు, పైన రేకు తన పని తాను చేసింది. రెండు నిప్పుల మధ్య మా అప్ప. ఒంటి నిండా చెమటకాయలు లేచి, చీర ఒంటికి అంటుకుపోయి, మాట్లాడే ఓపిక కూడా లేకుండా పడి ఉండేది. పసిదానికి ఒళ్ళు కాలిపోయేది. మొదట గుక్కపెట్టి ఏడ్చింది. తర్వాత ఏడుపు సన్నగిల్లింది. ఒక మధ్యాహ్నం పాలు తాగడం మానేసి, కళ్ళు తేలేసినట్టు చూసింది. అమ్మ దాన్ని అరచేతుల్లోకి తీసుకుని, ఒక్క క్షణం పైకి రేకు వంక చూసింది. మా ఇంట్లో ఆ రేకుని అంత అసహ్యంగా చూసిన మనిషి ఇంకొకరు లేరు.

"లే అమ్మీ, మేకల సాలకి పోదాం" అంది అప్పతో.

మా పాత కప్పు అక్కడే ఉంది కదా. నేను మేకల్ని బయటికి తోలి, పెంట ఎత్తి, నీళ్ళు చల్లి, మంచం వాల్చాను. ఆకు నీడలోకి రాగానే అప్ప గట్టిగా ఊపిరి తీసుకుంది. అమ్మ పసిదాని ఒళ్ళు తడిగుడ్డతో తుడుస్తూ, చెంచాతో పాలు పోస్తూ కూర్చుంది. ఆచారం పోయింది, కుంపటి పోయింది, ఇంకెవరూ వాటి పేరెత్తలేదు. సాయంత్రానికి పిల్ల మళ్ళీ ఏడ్చింది, గట్టిగా, మొండిగా. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. అంత ఆనందం నాకు నా పెళ్ళిలోనూ కలగలేదు.

అప్ప మేకల కొట్టంలో ఉండగానే వియ్యాలవారు పురుటికి దిగారు. అయ్య ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడి, "రండి, రండి, పైకి సూడండి" అంటున్నాడు. అప్ప అత్తగారు పైకి చూడలేదు. "నా కోడలేది?" అంది. అయ్య చెయ్యి పెరటివైపు చూపించింది. ఆవిడ వెళ్ళి చూసి వచ్చింది. కేకలేస్తుందనుకున్నాం. వెయ్యలేదు.

"అన్నయ్యా, మేకలెక్కడ పడుకుంటన్నాయి?" అని అడిగింది.

"చెట్టుకింద" అన్నాడు అయ్య.

"ఆటిని ఇంట్లో పెట్టకపోయేవా? ఓహో, అవి సచ్చిపోతాయి కదూ" అంది. వెంటనే కోడల్నీ మనవరాల్నీ తీసుకుని పడవెక్కేస్తానంది. అమ్మ కాళ్ళావేళ్ళా పడి, నెల తిరిగేలోగా ఇల్లు బాగుచేసి బారసాల ఇక్కడే చేస్తామని మాటిచ్చి ఆపింది.

అమ్మ ఇన్నాళ్ళు అడిగితే కదలని మనిషి ఆవిడ ఒక్క మాటకి కదిలాడు. నలుగురిలో అన్నది కదా మరి. చాతం నుంచి పొట్టు బస్తాలు బస్సు మీద వచ్చాయి. వెదురు తడకలు కట్టారు, చెదలు పట్టకుండా పొట్టులో సున్నం కలిపారు, రేకుకీ తడకకీ మధ్య మందంగా పరిచారు. పనైన మర్నాటి మధ్యాహ్నం ముందు గదిలో నిలబడి మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. చల్లగా ఉంది. నమ్మలేనంత చల్లగా ఉంది. ఆ వారమే తొలకరి కురిస్తే వాన ఎక్కడో దూరంగా పడుతున్నట్టు వినబడింది, మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. దుప్పట్ల మీద చుక్క రాలలేదు. ఇంత తేలిక పని. ఇంత చవక సరుకు. దీనికి అడ్డుపడిందల్లా ఒక నీలం ముద్ర.

అయ్య రాత్రికి రాత్రి మారిపోయాడు. చుట్టాలు రాగానే మళ్ళీ "పైకి సూడు" మొదలెట్టాడు, ఈసారి తడక చూపించి. "దిమాగ్ ఉండాల బావా. మంచుగడ్డకి పొట్టేస్తాం కదా, ఇంటికెందుకెయ్యకూడదని నాకే తట్టింది" అనేవాడు. అమ్మ వింటూనే పనిచేసుకునేది. నాకు మాత్రం పళ్ళు పటపటలాడేవి.

తడకలూ పొట్టూ ఇంకా మిగిలాయి. వంటిల్లు ఒక్కటే ఉట్టి రేకుతో ఉండిపోయింది. అమ్మ అడిగింది, "దానికీ వేసేయించు" అని.

"వంటింట్లోకి ఎవులొచ్చి సూత్తారే?" అన్నాడు అయ్య. మిగిలిన తడకలు పక్కింటాయనకి ఇచ్చేశాడు.

బారసాల రోజు ముందు గది నిండా జనం. అప్ప గోడకి చేరగిలబడి హాయిగా కూర్చుంది, పిల్ల నిద్రపోతోంది. అప్ప అత్తగారు విసనకర్ర పక్కన పడేసి, "ఇప్పుడు ఇల్లులా ఉంది" అంది. ఆవిడే అమ్మని వచ్చి కాసేపు కూర్చోమని కేకేసింది. వంటింట్లో రెండు పొయ్యిలు మండుతున్నాయి, పైన రేకు మండుతోంది. వాటి మధ్య నుంచి అమ్మ చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. పిల్ల వంక చూసింది.

"సల్లగుంది, పడుకుంది" అంది.

మా అయ్య అప్పుడే వియ్యంకుడికి చెబుతున్నాడు, మా ఇంట్లో ఇప్పుడు ఎవులికీ ఎండ దెబ్బ తెలీదని. అమ్మ ఆ మాట విని, అన్నం వార్చాలని లోపలికి వెళ్ళిపోయింది.