చేపల భాగహారం

శామీర్‌పేట చెరువు దగ్గరి బడిలో నాలుగో తరగతికి భాగహారం చెప్పే భాగ్యం నాకు దక్కింది. శేషం అనగానే పిల్లల మొహాలు మాడిపోయేవి. పిల్లల బతుకుల్లోంచే ఉదాహరణలు తీసుకోమని శిక్షణలో చెప్పారు కదా అని, వెనక బల్ల మీద కూర్చునే ఒక పిల్ల కోసం ప్రత్యేకంగా చేపల లెక్కలు తయారు చేశాను. వాళ్ల నాయిన చెరువులో చేపలు పడతాడు. అబ్బో, ఎంత తెలివైన టీచరునో అని నాకు నేనే మురిసిపోయాను.

పదిహేడు చేపలు, పట్టినవాళ్లు నలుగురు. తలా ఎన్ని, మిగిలేవెన్ని? ఆ పిల్ల తలా మూడు, శేషం రెండు అని రాసింది. నాలుగు, శేషం ఒకటి అని దిద్దాను. మర్నాడు ఇంకో చేపల లెక్క. మళ్లీ తప్పే. ఎక్కాలు మాత్రం గడగడా అప్పజెబుతుంది! నాకు ఒళ్లు మండింది.

"రేపు గూడ తప్పు జేసినవనుకో, మూడో తరగతిల కూసుండబెడత. ఇగ నీ ఇష్టం" అన్నాను.

దాని ప్రాణమంతా పక్కన కూర్చునే దోస్తు మీదే. మధ్యాహ్నం ఇద్దరిదీ ఒకే పళ్లెం. నా మాట వినగానే కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పాపం అనిపించింది గానీ, అన్నమాట వెనక్కి తీసుకుంటే టీచరు పరువేం కావాలి?

మర్నాడు ఆ పిల్ల సంచి భుజాన వేసుకునే నిలబడింది. చేపలంటే నాకే విరక్తి పుట్టి, లడ్డూల లెక్క ఇచ్చాను. ఇరవై మూడు లడ్డూలు, ఐదుగురు పిల్లలు.

"తలా నాలుగు, శేషం మూడు" అంది చిటికెలో.

"మరి చేపలకేమైందే? ఇన్ని దినాలు నన్ను పరేషాన్ జేస్తివి గద!"

"చేపలైతే వలకు గూడ ఓ వాటా తియ్యాలె టీచర్. లడ్డూలకు వలెందుకు?"

వాళ్లలో మనుషులతో సమానంగా వలకూ ఒక వాటా తీస్తారట, చినిగితే బాగు చేయించుకోవడానికి. నలుగురికి పంచమంటే ఇది ఐదు వాటాలు వేసింది! నాకు నవ్వు ఆగలేదు.

"పో, నీ దోస్తు పక్కనే కూసో. గని పరీక్షల చేపలొస్తే ఎట్లనే?"

అప్పటికే సంచి దించి, దోస్తును జరగమని మోచేత్తో పొడుస్తోంది.

"గాలంతోని పట్టిన్రనుకుంట టీచర్."