గుర్రానికి వంద రియాళ్లు, నాకు మూడు గుండీలు

నీళ్లు చిలకరించిన కొత్త నూలు బట్ట మీద వేడి ఇస్త్రీ పెట్టె జారినప్పుడు ఒక వాసన లేస్తుంది. సగం ఆవిరి, సగం గంజి, చివర్లో కొద్దిగా కమిలిన దారం. జగిత్యాలలో మా సందు మలుపున మల్లేశం ఇస్త్రీ బండి పెట్టుకుంటాడు. చొక్కాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ వాసన తగిలితే నా కుడిచెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది. జేబులో ఏమీ ఉండదు. చేతికి ఆ సంగతి ఇంకా తెలియదు.

నాకున్న పేరేమిటో ముందే చెప్పడం న్యాయం. నేను పది మాటలు చెబితే తొమ్మిదింటిని వడగట్టి వినాలని మా వాళ్లు అంటారు. మా బావమరిది పదోదాన్ని కూడా నమ్మడు. సాబెరా ఆపా గురించి చెప్పే ఈ నాలుగు మాటల్ని మాత్రం వడగట్టకుండా వినవచ్చు. ఆవిడ దగ్గర అబద్ధం ఎలాగూ నిలిచేది కాదు, కనీసం ఆవిడ విషయంలోనైనా ఆ అలవాటు పాటిస్తాను.

ప్రపంచ కప్పు కోసం ఖతర్ దేశమంతా తవ్వి పోసిన ఏళ్లవి. నేను ఒక స్టేడియం పనిలో టవర్ క్రేన్ నడిపేవాణ్ణి. ఉండటం మెసయీద్ దగ్గర కంపెనీ క్యాంపులో. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆవిడ ఇల్లు దోహా నడిబొడ్డున, ఫరీజ్ బిన్ మహమూద్‌లో, ఒక పాత భవనం కింది అంతస్తులో. ఇద్దరు మనుషులు, రెండు గదులు, రెండు కుట్టు మిషన్లు. భర్త యాకూబ్ భాయ్ బడి వ్యాను నడిపేవాడు. కోరుట్ల వాళ్లు. ఇద్దరూ ఉర్దూలో పోట్లాడుకుని తెలుగులో రాజీపడేవారు. నేను మొదటిసారి ఆ ఇంటికి వెళ్లింది చిరిగిన డ్యూటీ ప్యాంటుతో.

"ఎట్ల చిరిగింది?" అని అడిగింది, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి.

"నూటయాభై మీటర్ల ఎత్తుల క్రేన్ హుక్కు తగిలింది ఆపా. గాలిల అట్లనే యాలాడిన. కింద నలుగురు దుప్పటి పట్టుకొని నిలబడ్డరు."

ఆవిడ చిరుగును వెలుతురుకు ఎత్తి పట్టి, వేలితో రెండుసార్లు అటూ ఇటూ రాసింది. "హుక్కు తగిలితె బట్ట చిరుగుతది తమ్మీ. ఇది బట్ట చిరుగలే, కుట్టు పిగిలింది. కూసున్నప్పుడు పిగిలింది. నువ్వు లావైనవ్, గంతే. రెండు వేళ్లు వదులు జేస్త, ఐతారం రా."

నా కోతను బట్ట చూసి పట్టుకున్న మొదటి మనిషి ఆవిడ. కొంచెం అవమానంగా అనిపించింది. కొంచెం హాయిగా కూడా అనిపించింది, ఎందుకో ఆ రోజు తెలియలేదు.

ఆ మరుసటి ఏడు నా భార్య లత, మా అమ్మాయి శ్రీజ నెల రోజుల విజిట్ వీసా మీద వచ్చారు. ఆపా, యాకూబ్ భాయ్ ముందుగదిలో మిషన్ల మధ్య పడుకుని, లోపలి గదిని మాకు అద్దెకిచ్చారు. శ్రీజకు అప్పుడు ఎనిమిదేళ్లు. వచ్చిన రోజే అడిగింది, "డాడీ, సుల్తాన్ ఏడి?"

సుల్తాన్ నా గుర్రం. అంటే, నాకు గుర్రం లేదు. శ్రీజ పక్కింటి స్నేహితురాలి తండ్రి కొత్త మోటారు సైకిలు కొన్న రోజుల్లో, ఈ పిల్ల ఫోన్‌లో "మరి నీకు బండి లేదా?" అని అడిగింది. బండెందుకు, కంపెనీ నాకు అరబ్బీ గుర్రాన్నే ఇచ్చిందని చెప్పాను. ఆ ఒక్క మాటతో ఆగి ఉంటే బాగుండేది. తరవాతి వారం గుర్రానికి పేరు వచ్చింది. ఆ తరవాత దానికి ఏసీ గది వచ్చింది. ఖర్జూరాలు తప్ప ఏమీ ముట్టదని కూడా వచ్చింది. ఒకసారి సెలవుకు ఖర్జూరాలు తేకుండా ఇంటికి వెళ్లినప్పుడు, ఎయిర్‌పోర్టుకు వచ్చే దారిలో సుల్తాన్ పెట్టె చించి మొత్తం తినేసిందని చెప్పి గట్టెక్కాను. మూడేళ్లలో అది మా ఇంట్లో నాకంటే పెద్ద మనిషి అయింది. ఇప్పుడు పిల్ల తన తరగతికంతటికీ మాట ఇచ్చి వచ్చింది, మా నాన్న గుర్రం మీద కూర్చున్న ఫోటో తెస్తానని.

సరిగ్గా ఆ వారం ఐన్ ఖాలిద్ దాటాక ఒక ఖాళీ మైదానంలో రోడియో, కార్నివాల్ వెలిశాయి. ఎగిరి తన్నే గుర్రాల మీదా ఎద్దుల మీదా ఎవరు ఎంతసేపు నిలుస్తారో చూపించే పోటీ అది, చుట్టూ రంగులరాట్నాలు, తినుబండారాల దుకాణాలు. గోడకంటించిన బొమ్మలో గుర్రాన్ని చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. అక్కడి గుర్రాల మనిషి చేతిలో కొంత పెడితే, ఒక పావుగంట సుల్తాన్ దొరుకుతుంది.

ఆ భవనంలో ఎవరు ఎక్కడికి బయల్దేరినా ముందు ఆపా దగ్గర ఖర్చు గీయించుకోవడం అలవాటు. గౌన్లు కత్తిరించే ముందు నమూనా గీసుకునే గోధుమరంగు కాగితం పరిచి, దాని మీద ఆ రోజంతా గీసేది. పొద్దున ఒక అంచున, సాయంత్రం ఇంకో అంచున. నేను వెళ్లి ముందు కూర్చున్నాను.

"ఎంతున్నయ్?"

"మూడు వందల రియాళ్లు."

"ఎంతమంది?"

"ముగ్గురం ఆపా."

"నలుగురు," అంది.

"నాలుగో మనిషి ఎవరు?"

"నీ గుర్రం. దానికెంత పెట్టినవ్?"

శ్రీజ అప్పటికే ఆవిడకు సుల్తాన్ కథంతా చెప్పేసిందని అర్థమైంది. వంద పెట్టానని ఒప్పుకున్నాను. మిగతా రెండు వందల్లో టికెట్లూ, యాకూబ్ భాయ్ వ్యానుకు పెట్రోలూ, రెండు ఆటలూ, ఐస్‌క్రీమూ సర్దింది. తిండి ఇంటి నుంచే, తను కట్టిస్తుంది. తరవాత వంద దగ్గరికి వచ్చి, సుద్దముక్కతో దాని మీద అడ్డంగా ఒక గీత గీసింది.

"అబద్ధాన్ని మేపుడు చాన ఖర్చు తమ్మీ. గుర్రమన్న గడ్డి తింటది. నీ సుల్తాన్‌కు ఇయ్యాల వంద, రేపు పిల్ల మళ్ల అడిగితె రెండు వందలు."

"మరి అక్కడ ఏం రాయాలె?"

"ఖాళీ ఉంచు. దినం సగం అయినంక అదే చెప్తది, ఏం కావాల్నో."

ఆ తరవాత రెండు షరతులు పెట్టింది. ఒకటి, గేటు దాటాక ఎవరూ రియాళ్లను రూపాయల్లోకి గుణించకూడదు. గుణించినవాళ్లకు ఐస్‌క్రీం లేదు. గల్ఫ్‌లో మా వాళ్లందరికీ ఉన్న జబ్బు అది, మంచినీళ్ల సీసా కొన్నా మనసులో ఊరి ధర తూచుకుంటాం. రెండో షరతు నా ఒక్కడికే. డబ్బాలోంచి మూడు తెల్ల గుండీలు తీసింది, బడి చొక్కాలకు కుట్టేవి. నా జేబులో వేసింది.

"నువ్వు అసలే అబద్ధం ఆడకుంటె పిల్ల నిన్ను గుర్తు పట్టది. అందుకే మూడు ఇస్తున్న. ఒకటి ఆడితె ఒక గుండీ తీసి లత చేతిల పెట్టాలె. మూడు అయిపోతె బస్, ఇంక లెవ్వు."

లత గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "మూడు గంటలకు కూడ సరిపోవు ఆపా," అంది.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. మొదటి గుండీ గేటు దాకా కూడా రాలేదు. దారిలో ఒక అద్దాల భవనాన్ని చూపించి, దాని పైకప్పు నేనే ఎత్తి పెట్టానన్నాను. లత కిటికీలోంచి చూపు తిప్పకుండానే అరచెయ్యి చాపింది. యాకూబ్ భాయ్ అద్దంలోంచి చూసి నవ్వాడు. లోపలికి వెళ్లిన పది నిమిషాల్లో లత కూడా దొరికిపోయింది. పీచుమిఠాయి ధర విని, "అమ్మో, మూడొందలు" అని గొణిగింది. అది రూపాయల లెక్కేనని శ్రీజ పట్టేసింది. అలా మా ఆవిడ ఐస్‌క్రీం పోయింది.

రెండో గుండీ మోటారు ఎద్దు దగ్గర పోయింది. గాలి నింపిన పరుపు మధ్యలో తోలు ఎద్దు, కింద మోటారు. పోయినేడు దీన్నెక్కితే కరెంటు పోయేదాకా నేను దిగలేదన్నాను. "అయితె ఎక్కు డాడీ," అంది శ్రీజ. ఎక్కక తప్పలేదు. నాకు గుర్తున్నంతవరకు దాని మీద ఒక పూట గడిపాను. లత లెక్కలో నాలుగు సెకన్లు. పరుపు మీంచి లేచేసరికి ఆవిడ చెయ్యి మళ్లీ చాపి ఉంది.

మైదానం చివర, పోటీ బరికి పక్కన, పిల్లల్ని ఎక్కించి ఫోటోలు తీయించే గుర్రం ఒకటి నిలబెట్టారు. ఎర్రటి గుర్రం, నుదుటి మీద తెల్ల మచ్చ. నేను ఫోన్‌లో చెప్పిన సుల్తాన్‌కు కూడా నుదుట తెల్ల మచ్చే. శ్రీజ నా చెయ్యి వదిలేసి దాని ముందుకు పోయి నిలబడింది. వెనక్కి తిరిగి, పెద్దవాళ్లు గుడిలో మాట్లాడినట్టు, మెల్లగా అడిగింది.

"డాడీ, ఇదేనా సుల్తాన్?"

జేబులో ఒక్క గుండీ ఉంది. గీత కొట్టేసిన వంద కూడా ఉంది. గుర్రం పగ్గం పట్టుకున్న సూడాన్ మనిషి నావైపు చూశాడు, ఫోటోకు వచ్చానేమోనని. అవునంటే చాలు. పిల్ల తరగతిలో మాట నిలబడుతుంది. లత చెయ్యి చాపలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ ఒక్కసారి ఆవిడ చేతులు రెండూ సంచి మీదే ఉన్నాయి.

గుర్రం ముక్కుతో గట్టిగా గాలి వదిలింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. క్రేన్ మీద గాలికి ఊగే గదిలో ఎనిమిది గంటలు కూర్చునే మనిషిని, గుర్రమంటే నాకు భయమని ఆ క్షణం దాకా నాకే తెలియదు. శ్రీజ ఆ రెండడుగులూ చూసింది.

"సుల్తాన్ లేదు బిడ్డా," అన్నాను. "ఎన్నడు లేదు. నేను ఎక్కేది అది." స్టేడియం పని జరిగే వైపు చెయ్యి చూపించాను. దూరంగా దుమ్ములో అయిదారు క్రేన్లు కనిపిస్తున్నాయి. "ఎడమ నుంచి మూడోది."

పిల్ల ఆ వైపు చూసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఐస్‌క్రీం అయిపోయింది, బరిలో ఒకతను ఎద్దు మీంచి పడితే జనం చప్పట్లు కొట్టారు, మేం వ్యాను దగ్గరికి నడిచాం. వ్యాను కదిలాక సగం దారిలో అడిగింది.

"మరి మా ఖర్జూరాలు ఎవరు తిన్నరు?"

యాకూబ్ భాయ్ భుజాలు కదలడం వెనక నుంచి కనిపించింది.

"నేనే తిన్న," అన్నాను. "క్యాంపుల కూసొని, రెండు రోజులల్ల. మొత్తం పెట్టె."

"మొత్తమా?"

"మొత్తం."

వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, "మా క్లాసుల ముప్పై ఎనిమిది మంది ఉంటరు," అంది. కాగితం మీద ఖాళీగా ఉంచిన చోట ఏం రాయాలో అప్పుడు తెలిసింది. దారిలో బండి ఆపించి, ఆ వందకూ ఖర్జూరాలు కొన్నాం. ఎవరూ గుణించలేదు. మరుసటి శుక్రవారం సైటు కంచె బయట నిలబడి ఫోటో దిగాం. అందులో క్రేన్ సగమే పడింది, నేను కళ్లు మూసుకున్నాను. తరగతిలో దాన్ని చూపించిందో లేదో నాకు చెప్పలేదు. ఖర్జూరాలు మాత్రం ఒకటి కూడా ఇంటికి తిరిగి రాలేదట.

రోడియో చూసి ఇంటికి చేరిన సాయంత్రమే ఆపా చెయ్యి చాపింది, లెక్క ఒప్పచెప్పమని. మిగిలిన గుండీ తీసి పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది, లోపల కిటికీ దగ్గర కూర్చున్న పిల్లను చూసింది, మళ్లీ గుండీని నా జేబులోనే వేసింది.

"ఉంచుకో. పిల్లల గౌనుకు లోపల నాలుగు వేళ్ల బట్ట మడిచి కుడత. ఎదిగినంక విప్పుకోను పనికొస్తది. ఇది గట్లనే."

తరవాత నాలుగేళ్లు ఆ గుండీ ఒక జేబులోంచి ఇంకో జేబుకు మారుతూ వచ్చింది. క్యాంపులో నా కోతలు తగ్గలేదు, వాటికి గుండీల లెక్క లేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం వేలు జేబులోకి పోయేది. ఉన్నది ఒకటే కదా అని వెనక్కి వచ్చేది. జీతం రెండు నెలలు ఆలస్యమైన సంగతి లతకు చెప్పింది అలాగే. వీపు పట్టేసి పది రోజులు మంచం మీద ఉన్న సంగతీ అలాగే చెప్పాను. అంతకు ముందైతే ఆ రెంటికీ ఎంత చక్కటి కథలు అల్లేవాణ్ణో తలుచుకుంటే ఇప్పటికీ కాస్త బాధ వేస్తుంది.

స్టేడియాలు పూర్తి కావస్తున్న రోజుల్లో ఆపా చూపు మందగించింది. సూదిలో దారం యాకూబ్ భాయ్ ఎక్కించి ఇచ్చేవాడు. ఆ తరవాత ఆయన వ్యాను కాంట్రాక్టు ముగిసింది, భవనం ఖాళీ చేయమన్నారు. వెళ్లే రోజు సామాను ఎత్తడానికి వెళ్లాను. రెండు మిషన్లూ అప్పటికే అమ్మేశారు. అవి ఉన్న చోట నేల మీద నాలుగు నాలుగు చొప్పున గుంటలు పడి ఉన్నాయి. ఆపా బుర్ఖా వేసుకుని, గోధుమరంగు కాగితం చుట్టను ఒళ్లో పెట్టుకుని సూట్‌కేసు మీద కూర్చుంది.

"తమ్మీ," అంది, "మళ్ల వస్తనంటవా నేను?"

ఇరవై రెండేళ్లు ఆ ఊళ్లో ఉన్న మనిషి. వీసా రద్దయిన కాగితం భర్త జేబులోనే ఉంది.

"ఎందుకు రావు ఆపా," అన్నాను. "కోరుట్లల కంటి ఆపరేషన్ చేయించుకో. ఆటలు మొదలైతె ఈడ మంచి టైలర్ దొరుకుతడా? వాళ్లే టికెట్ పెట్టి పిలుస్తరు. ఆరు నెలలు, గంతే."

ఆవిడ నా ముఖం వైపు చూసింది. ఏమాత్రం కనిపించిందో తెలియదు. అరచెయ్యి చాపింది.

గుండీ తీసి అందులో పెట్టాను. బొటనవేలితో దాని నాలుగు రంధ్రాలూ తడిమి చూసుకుంది.

"ఇది మంచిగ ఖర్చు వెట్టినవ్," అని సంచిలో వేసుకుంది. బయట యాకూబ్ భాయ్ పిలిచాడు, "యల్లా, చలో." లేచింది.

ఆవిడ మళ్లీ ఖతర్ రాలేదు.

మొన్న మల్లేశం నా తెల్ల చొక్కా మీద ఇస్త్రీ పెట్టె జారిస్తూ అడిగాడు, "అన్నా, దుబాయ్ల ఇన్నేండ్లు ఏం పని జేసినవ్?" మా ఊళ్లో ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. బండి దగ్గర ఇంకో ఇద్దరు నిలబడ్డారు. అందరికీ తీరిక ఉంది, నాకూ ఉంది. చెయ్యి జేబు మీదికి పోయింది. ఖాళీ.

"క్రేన్ నడిపిన," అన్నాను.

"ఎంత ఎత్తుంటది?"

"అరవై రెండు మీటర్లు."

ఒక్క మీటరు కూడా కలపలేదు.