బాలమ్మ పొదగేసిన గుడ్లు

పొద్దున్నే మా కోడలు ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి, గిన్నెలో నాలుగు గుడ్లు కొట్టి గిలక్కొట్టి పెనం మీద పోస్తే, నూనెలో పొంగే ఆ వాసనకే ఇంట్లో పిల్లలంతా పక్కలు వదిలి లేస్తారు. నేను మాత్రం లేచి వాకిట్లోకి వెళ్లి కూర్చుంటాను. ఈ వయసులో బలానికి రోజుకొక గుడ్డు తినమని డాక్టరు చెప్పాడు. టీవీలోనూ అదే చెబుతారు. బడిలో పిల్లలకూ ఉడకబెట్టి పెడుతున్నారు. దేశమంతా తింటున్నదాన్ని నువ్వెందుకు ముట్టవని మనవరాలు అడుగుతుంది. వాసన పడదంటాను. అది నిజం కాదు.

మా ఊరు చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ ఉంటుంది. నైజాము రోజుల్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఆ ఊళ్లో షావుకార్ల ఇళ్లు తప్పిస్తే కోడి లేని వాకిలి ఉండేది కాదు. చలికాలం వచ్చిందంటే తెల్లారకముందే పుంజుల కూతలు, వాటి వెనకే రోకళ్ల చప్పుడు, పెంక మీద కాలే జొన్నరొట్టె కమ్మదనం, మంచులో తడిసిన కుసుమచేల మీదుగా ఎక్కడినుంచో తేలివచ్చే బెల్లం పొగ, సాయంత్రాలు మట్టిదాక నిండా ఉడికే అనపకాయలు. పిల్లలం వాటిని ఒళ్లో పోసుకుని, గింజలు నోట్లో వేసుకుంటూ, అరుగుల మీద అచ్చనగండ్లు ఆడేవాళ్లం.

ఇన్ని కోళ్లున్నా గుడ్డు తినే నోరు మాత్రం అరుదు. షావుకారు తన దుకాణం మెట్ల మీదికి గుడ్ల గంపతో ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. తాలీంఖానాలో కుస్తీ పట్టే మొనగాళ్లు పచ్చి గుడ్డు పాలలో కొట్టుకుని గటగటా తాగేవారు. బాలింతకు ఉడికిన గుడ్డు మీద మిరియాల పొడి చల్లి పెట్టేవారు. చంటిపిల్లకు దిష్టి తీసిన గుడ్డును మూడు బాటలు కలిసే చోట పగలగొట్టేవారు, అటువైపు చూడకుండా మేం పరుగెత్తేవాళ్లం. మా ఇంట్లో నాయనమ్మ గుడ్లను తవుడు కుండలో దాచి, ఆదివారం నాడు బాపుకొకటి, అన్నకొకటి వండి పెట్టేది. ఆడపిల్లకు వేడి చేస్తుందని నాకు పెట్టేది కాదు. ఇక పేదవాళ్ల ఇళ్లలో పెట్టిన గుడ్లకు రెండే దారులు. ఒకటి పొదుగుకు, రెండోది దౌరాకు.

దౌరా అంటే సర్కారు అధికార్లు ఊళ్లు తిరగడం. వాళ్లు వచ్చి ఏ తోటలోనో డేరాలు వేస్తే పాలు, నెయ్యి, కోళ్లు, గుడ్లు, కట్టెలు అన్నీ చుట్టుపక్కల ఊళ్లు ఊరికే పంపాలి. మా ఊరికి మాలీ పటేలు, శిస్తు వసూలు చూసే పెద్ద, మా బాపు. హుకుం ఆయనకు వచ్చేది, గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం ఊరి బంట్రోతు, మస్కూరి సాయన్న పని. ముసలివాడు, మంచివాడు. గుడ్డు తీసుకున్న ప్రతి ఇంట్లోనూ "నేనేం జేద్దు తల్లీ" అనేవాడు.

కుమ్మరి బాలమ్మ మగడు అంతకు ముందటేడే జ్వరంతో పోయాడు. ఆమె కూతురు యాది నా ఈడుది, నా జట్టు. పటేలు బిడ్డవు నీకు కుమ్మరి ఇంట్ల ఏం పనని నాయనమ్మ అరిచినా నేను రోజూ వాళ్లింటికే పోయేదాన్ని. ఆ పచ్చిమట్టి చల్లదనం, ఆవంలోంచి తీసిన కుండల వేడి, వాటిమీద నీళ్లు పడితే లేచే తొలకరి వాసన నాకు ఎంతో ఇష్టం. కుండల వరసల వెనక దాగుడుమూతలు ఆడేవాళ్లం. కానీ పొద్దు వాలుతుంటే యాది ఆట ఆపేసి గోడ పట్టుకుని నడిచేది. రేచీకటి. గుడ్డు, కార్జం పెడితే చూపు నిలుస్తుందని చేవెళ్ల వైద్యుడు చెప్పాడట. ఉన్న ఒక్క పెట్ట పెట్టిన గుడ్డల్లా సాయన్న గంపలోకే పోతుంటే ఇక బాలమ్మ పెట్టేదేమిటి?

ఒకనాడు దాక్కోవడానికి మూల ఉన్న పెద్ద పగులు బాన వెనక్కి పోతే, లోపల గడ్డి మీద కోడి రెక్కలు పరిచి కూర్చుని నన్ను చూసి బుసకొట్టింది. బాలమ్మ పరుగున వచ్చింది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా, నీకు దండం పెడత. పదకొండు గుడ్లు దాసి పొదగేసిన. పిల్లలయినంక ఎన్నని గుంజుకపోతరు? రెండు పెట్టలన్న మిగలవా? అప్పుడు నా యాదికి దినాం ఒక గుడ్డు పెట్టుకుంట."

ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పనన్నాను. అప్పటినుంచి యాదీ నేనూ రోజులు లెక్కపెట్టుకున్నాం. పిల్లల్లో నల్లది నాది, ఎర్రది దానిది అని పంచుకున్నాం కూడా.

పుష్యమాసంలో మొయినాబాదు అవతల మామిడితోటలో డేరాలు పడ్డాయి. వచ్చింది పెద్ద అధికారి. మా ఊరి వంతు నూరు గుడ్లు. సాయన్న రెండు రోజులు తిరిగినా పదకొండు తక్కువపడ్డాయి. క్రితం దౌరాలో తక్కువ పంపినందుకు పక్క ఊరి పటేలును జనం ముందు చెవులు పట్టించి నిలబెట్టారని అందరికీ తెలుసు. ఆ పొద్దు బాపు అన్నం ముందు కూర్చుని కలపకుండానే లేచాడు. అరుగు మీద తల పట్టుకుని కూర్చున్న బాపును అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. దగ్గరికి పోయి నిలబడ్డాను.

"బాపూ, బాలవ్వ ఇంట్ల ఉన్నయి."

బాపు తలెత్తి చూశాడు. నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. మా బాపు పిల్లలను ముద్దుచేసే మనిషి కాదు. ఆ చెయ్యి నా తల మీద ఉన్నంతసేపూ నాకు బాలమ్మ గుర్తుకు రాలేదు.

సాయన్నకు దారి చూపిస్తూ నేనే ముందు నడిచాను. బానను ఆనుకుని బాలమ్మ అడ్డంగా కూర్చుంది.

"పద్దెనిమిది దినాలయింది సాయన్నా. మూడొద్దులల్ల పిల్లలయితయి. అండ్ల పానం ఉన్నది. పటేలుకు చెప్పు, జర చెప్పు."

సాయన్న ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఔ తల్లీ, కదులుతున్నది" అన్నాడు. కానీ లెక్కకు తక్కువైతే తన వీపు చీరేస్తారని ఆయనకు తెలుసు. కోడి పొడుస్తుంటే చేతులు నెత్తురు కారుతున్నా పదకొండూ తీశాడు. గంప నిండుగా ఉండడంతో వాటిని నా లంగా ఒడిలో పోశాడు. గుడ్లు అంత వెచ్చగా ఉంటాయని నాకు తెలియదు. ఇంటిదాకా ఆ వెచ్చదనం నా కడుపుకు తగులుతూనే ఉంది. యాది గడపలో నిలబడి నా ముఖంలోకే చూసింది.

ఇల్లు చేరగానే బాలమ్మ చెప్పినదంతా సాయన్న బాపుతో చెప్పాడు. బాపు విని, "కలిపెయ్" అన్నాడు.

మరునాడు డేరాలు చూపిస్తానని బాపు నన్నూ బండిలో తీసుకుపోయాడు. అది నాకు బహుమానం. తెల్లని గుడారాలు, గుర్రాలు, మామిడిచెట్ల కింద వరసగా పొయ్యిలు, మసాలా ఘుమఘుమలు చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. అంతలో వంటవాడు కేక వేశాడు. పెనం అంచున కొట్టిన గుడ్డులోంచి తడి ఈకలతో, మూసిన కళ్లతో పిల్ల జారి నూనెలో పడింది. ఇంకొకటి కొట్టాడు. అదీ అంతే.

అధికారి బయటికి వచ్చి బాపును పిలిపించాడు. బాపు చేతులు కట్టుకుని, వంగి, "కుమ్మరిది సర్కార్, కావాలనే చెడిపోయినయి ఇచ్చింది" అన్నాడు.

బాలమ్మను రప్పించారు. యాది తల్లి కొంగు పట్టుకుని వెంట వచ్చింది. ఎండలో బాలమ్మను వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. "నేను చెప్పిన, ఇయ్యనని చెప్పిన, సాయన్నను అడుగుండ్రి" అని ఆమె రెండుసార్లు అంది. సాయన్న నేలచూపులు చూశాడు. అప్పుడు ఆమె తల పక్కకు తిప్పి నా వైపు చూసింది. నేను బాపు వేళ్లు పట్టుకుని, "బాపూ..." అన్నాను. బాపు నా మణికట్టును గట్టిగా నొక్కాడు. గాజు ఒకటి చిట్లి చేతిలో గుచ్చుకుంది. నేను నోరు మూసుకున్నాను. డేరా నీడ ఆమె పాదాల దాకా జరిగేవరకు ఆ బండ దించలేదు.

నాలుగు రోజుల తర్వాత మా తవుడు కుండలోంచి రెండు గుడ్లు తీసి, లంగా ఒడిలో దాచుకుని కుమ్మరి ఇంటికి పోయాను. బాలమ్మ నడుము పట్టుకుని వాకిలి అలుకుతోంది. గుడ్లు చూసి చెయ్యి చాపలేదు.

"తీస్కపో బిడ్డా. మీ కుండల తక్కువైతే మల్ల మా ఇంటికే వస్తరు."

ఆ ఇంటికి నేను మళ్లీ పోలేదు. ఆ తర్వాత ఎప్పుడు దౌరా పడినా, సాయన్న బయలుదేరకముందే బాలమ్మ తనంతట తానే వచ్చి, ఉన్న గుడ్లన్నీ మా గడప ముందు పెట్టి, ఎవరినీ పిలవకుండా వెళ్లిపోయేది. యాది ఎడమ కంట్లో తెల్లని పువ్వు వేసింది. ఆ కన్ను పగలు కూడా పనికిరాకుండా పోయింది. పెళ్లయి పుట్టింటికి వచ్చినప్పుడల్లా నేను వాళ్ల వాడ మీదుగా కాకుండా చుట్టూ తిరిగి పోయేదాన్ని.

నైజాము పాలన పోయింది, దౌరా డేరాలూ పోయాయి. బాపు చివరి రోజుల్లో మంచాన ఉన్నప్పుడు ఒకసారి ధైర్యం చేసి బాలమ్మ ఊసెత్తాను. "ఏ బాలమ్మ?" అన్నాడు. నిజంగానే మరిచిపోయాడో, నన్ను మరిచిపొమ్మన్నాడో ఇప్పటికీ తెలియదు.

పోయినేడు ఒక పెళ్లికి ఊరు వెళ్లాను. మామిడితోట ఉన్న చోట ఎత్తైన ప్రహరీలు, వాటి వెనక ఫామ్‌హౌస్‌లు. కుమ్మరి ఆవం లేదు, కుసుమ పంట లేదు, వాకిళ్లలో కోళ్లు లేవు. పొదుగుకోడి అంటే ఏమిటో పిల్లలకు తెలియదు. గుడ్లు రేకుల షెడ్లలోంచి లారీల్లో వెళుతున్నాయి. యాది మాత్రం ఉన్నది. ఫామ్‌హౌస్ కాపలా చూసే మనవడి దగ్గర, గేటు పక్క గదిలో ఉంటున్నది. అనసమ్మను అనగానే గొంతు విని నన్ను గుర్తుపట్టి, చాప పరిచి, చాయ్ పెట్టించింది. ఇద్దరం ముసలివాళ్లమై పక్కపక్కన కూర్చున్నాం. నేను అన్నాను, ఆనాడు మామిడితోటలో నేను చెప్పవలసింది యాదీ, అవి పొదుగు గుడ్లని మీ అవ్వ బాలమ్మ ముందే చెప్పిందని నేను అనవలసింది అని.

యాది చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు చెప్తే ఆ సార్లు ఇనేటోళ్లా అనసమ్మా? ఇనకపోదురు" అంది. గ్లాసును తడిమి పక్కకు జరిపింది. "నీ మాట మా అవ్వ మాత్రం ఇంటుండె."