చీమ దాకా అడగాలి

నిన్న అన్నం తింటూ మా చిన్నది కథ మధ్యలో నన్ను ఆపింది. "అమ్మా, ఆ చేప ఎండకపోతే ఇంకోటి పట్టుకోవచ్చుగా? రాజుగారబ్బాయి అందర్నీ అలా అడుగుతూ పోవడమెందుకు?" జవాబు నాకు తెలుసు. కాలేజీలో నేర్చుకున్నది కాదు, చైతన్యపురిలో మా ఓనరమ్మ దగ్గర నేర్చుకున్నది.

మేము గుంటూరు వాళ్లం, ఆవిడది నల్గొండ పక్క పల్లె. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. నాకు భయం పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు, కుక్కర్ మూడో కూత ఆలస్యమైనా గుండె దడే. అలాంటిది, రోజూ కూరగిన్నెతో పైకొచ్చే ఓనరమ్మ వారంపాటు మెట్లెక్కలేదు. పైగా ఎవరో ఇద్దరికి మా పోర్షన్ చూపిస్తూ కింద నిలబడి మాట్లాడింది. ఇంకేముంది, ఖాళీ చేయమంటారని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని అట్టపెట్టెలకు తాళ్లు కట్టడం మొదలుపెట్టాను. "ఒక్క మాట ఆవిణ్ణే అడగొచ్చుగా?" అన్నారు మావారు. అడిగితే అవునంటుందేమోనని నా భయం.

ఆ రోజు కూడా మెయిన్ రోడ్డు మీద వంటా వార్పూ. ఉద్యమకారులు రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి భోజనాలు చేసేవారు. నేను పెట్టెలు సర్దుతుండగా నాలుగేళ్ల మా పెద్దది కనబడకుండా పోయింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. తీరా చూస్తే అది పప్పు గుండిగ పక్కన, ఓనరమ్మ ఒళ్లో, బుగ్గనిండా ముద్దతో కూర్చుని ఉంది. ఆవిడ అదే చేప కథ చెబుతోంది.

"గడ్డిమోపు కాన్నే ఆగితే ఏమెరుకైతది బిడ్డా? అందర్ని అడుక్కుంట చీమ దాక పోవాలె."

నిలబడ్డచోటే అడిగేశాను. "ఆంటీ, మమ్మల్ని ఖాళీ చేయమంటారా?"

ముద్ద కలిపే చెయ్యి ఆగింది. "ఎవలన్నరు? గా ఇద్దరు రంగులేసెటోళ్లు. దసరాకు ఇంటికి రంగులేపిద్దమని పిలిచిన. వారం సంది ఈడ గంజులు గిన్నెలు మోసి మోకాళ్లు గుంజుతున్నయ్, నీ మెట్లెట్ల ఎక్కుడు? మా కొట్లాట సర్కారుతోటి, నీతోటి కాదు. గంత సదివినవ్, జర నోరు తెరిచి అడగరాదు? కూసో. పప్పుల కారమెక్కువైంది, మీ గుంటూరోళ్లకే సరిపోతది."

నిజంగానే మండిపోయింది. అయినా మారు వడ్డించుకున్నాను.

ఇప్పటికీ భయాలు పోలేదు. కానీ డాక్టరుగారినైనా, పిల్లల టీచర్నైనా ముందు అడుగుతాను, భయపడటం తర్వాత. ఇల్లు మారాం, రాష్ట్రం మారింది, ఏళ్లు గడిచాయి. ఆ మాట అడగడానికి పట్టింది ఒక్క క్షణం. అడక్కుండా గడిపిన ఆ వారమే, నేను బతికిన వారాలన్నిటిలోకీ పొడుగైనది.