సిబ్బి నడుమ ఖాళీ

నా చిన్నప్పుడు మా ఊరి బడిలో వృత్తాల లెక్క అంటే ముందు నా పేరే వినిపించేది. పెన్‌పహాడ్ దాటి లోపలికి వెళ్లే ఊరు మాది. కోదాడ నుంచి వచ్చిన మా లెక్కల సారు అంతటివాడు కూడా నల్లబల్ల మీద సున్న చుట్టి, నావైపు తిరిగి అడిగిగాని ముందుకు పోయేవాడు కాదు.

ఇప్పుడు సూర్యాపేటలో మా వీధి పిల్లలు సాయంత్రాలు లెక్కల పుస్తకాలు పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. ఏడో తరగతి వాళ్లు. వాళ్లకు ఈ మాట చాలాసార్లు చెప్పాను. వాళ్లు నమ్మేశారు, అదే వచ్చిన చిక్కు. నిజానికి సారు నావైపు తిరిగి అడిగింది, "ఏరా, సుద్దముక్క ఎక్కడ పెట్టావు?" అని. సుద్దముక్కలు మాయం చేసేది నేనేనని ఆయనకు తెలుసు. వృత్తం లెక్కలో నాకు వచ్చింది సగమే. ఆ సగంతోనే ఒక మనిషి పరువు తీశాను. ఆ ముక్క మాత్రం పిల్లలకు ఇంతవరకు చెప్పలేదు.

మాకు బడిలో వృత్తాల లెక్క మొదలైన ఏడే, వేసవిలో మా పక్కింటి అక్కకు పెళ్లయింది. మిర్యాలగూడ ఇచ్చారు. పెళ్లయ్యాక తొలి బతుకమ్మకు పుట్టింటికి వస్తూ, తోడుగా ఆడబిడ్డను కూడా వెంటబెట్టుకొచ్చింది. అక్క వాళ్లది కూలి చేసుకుని బతికే ఇల్లు. అత్తవారింట్లో ఏ పని కాస్త చెడినా, "కూలోళ్ల పిల్ల, దానికేం చేతనైతది" అంటున్నారని ఆమె మా అమ్మతో చెప్పుకుంటుంటే విన్నాను. పదో తరగతి దాకా చదివిన పిల్లకు ఆ మాట లోతుగానే దిగింది. అందుకే పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, ఆడబిడ్డ కళ్ల ముందే, మా వాడకట్టులో ఎవరూ పేర్చనంత వెడల్పు బతుకమ్మను పేర్చాలని పట్టుబట్టింది.

ప్రతి ఏడూ పూలు పేర్చే గుండ్రటి వెదురు పళ్లెం, ఆ సిబ్బిని పక్కన పెట్టి, దానికి రెండింతల వెడల్పున్న ఇత్తడి సిబ్బి ఒకటి అడిగి తెచ్చుకుంది. ఎత్తు మాత్రం పాతదే. అన్నదమ్ములు లేని ఇల్లు కాబట్టి పూలూ ఆకూ తెచ్చే పని ఏటా నాదే. బతుకమ్మకు అంచు చుట్టూ వరసగా తంగేడు, గునుగు పూలు పెడతారు. చూసేవాళ్లకు కనబడేది అదే. కానీ ఒక్కో వరస పెట్టినకొద్దీ నడుమ ఖాళీని ఆకుతో, తుంచిన కాడలతో గట్టిగా కూరుతూ రావాలి. బతుకమ్మను నిలబెట్టేది ఆ లోపలి ఆకే.

"తమ్మీ, ఇయ్యాల నా పరువు నీ చేతిల ఉన్నది. జల్ది రా," అని అక్క గంపలిచ్చి పంపింది.

నాకు అప్పటికి బడిలో చుట్టుకొలత వరకే చెప్పారు. వృత్తం అడ్డం ఎంతో దానికి మూడింతలు, పైన కాస్త కొసరు. అదే దాని చుట్టు. అడ్డం రెండింతలైతే చుట్టూ రెండింతలే అవుతుంది. దారిలో వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. నిరుటికి రెండింతలు పూలు, రెండింతలు ఆకు, ఇంతకుమించి మోయడం దండగ. పొద్దు వంగాక గంపలు తెచ్చి దించితే, అక్క వంగి చూసి, "ఆకు గింతేనా?" అంది. నేను సారులా గొంతు సవరించుకుని చుట్టుకొలత అప్పజెప్పాను. లెక్క తప్పదని చెప్పి అరుగెక్కి కూర్చున్నాను.

తొలి వరస అంచున చక్కగా సరిపోయింది. నేను పొంగిపోయాను. కానీ నడుమ ఆకు వేస్తుంటే, సిబ్బి ఎన్ని గుప్పిళ్లు వేసినా మింగుతూనే ఉంది. వరసలు పైకి లేస్తున్నాయి, లోపల బావిలా ఖాళీ. మళ్లీ పోయి తెచ్చేంత పొద్దు లేదు. అప్పటికే పక్కిళ్లవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుంటున్నారు. అక్క ఉన్న ఆకునే పలచగా సర్ది, పైన పసుపు ముద్ద గౌరమ్మను పెట్టి, ఆడబిడ్డ చెయ్యి సాయం పడితే తలకెత్తుకుంది.

వాడకట్టు మలుపు దాకా కూడా రాలేదు, నడుమ కుంగింది. పూల వరసలు ఒకదాని వెంట ఒకటి లోపలికి జారి, సగం అక్క భుజాల మీదుగా నేల మీద పడ్డాయి. వెంట నడిచే ఆడవాళ్ల పాట ఆగిపోయింది. ఒక ముసలమ్మ నోరు నొక్కుకుంది. ఆడబిడ్డ నవ్వుతూనే అంది:

"మా మిర్యాలగూడల బతుకమ్మను నిలబెట్టి ఆడతరు వదినా, పండబెట్టి గాదు."

"ఆకు సాలలేదా? వీడేడి?" అని మా అమ్మ గట్టిగా అడిగింది. నేను గోడ చాటున ఉన్నాను. అక్క నన్ను చూసింది. చూసి చూపు తిప్పేసుకుంది.

"ఆకు మస్తుగనే ఉండె చిన్నమ్మా. నేనే ఒత్తిపెట్టలే. నాకే చేతగాలే," అంది.

ఏ మాట తన మీద పడకూడదని అంత తాపత్రయపడిందో, ఆ మాటనే తన నోటితో తన మీద వేసుకుంది. కింద పడ్డ పూలు ఏరుకుని, పాత వెదురు సిబ్బిలో చిన్నగా మళ్లీ పేర్చుకుని, అందరికంటే వెనక నడిచింది.

ఆ పూట రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద నాకు గొంతు దిగలేదని రాయాలని ఉంది. దిగింది. ఇంకొకటి అడిగి పెట్టించుకున్నాను కూడా. సిగ్గు తెల్లారి వచ్చింది.

తెల్లారి అక్క నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. అలికిన వాకిట్లో దారం పట్టి ముగ్గుతో రెండు వృత్తాలు గీసింది. చిన్నదానికి నడిమి నుంచి అంచు దాకా జానెడు, పెద్దదానికి రెండు జానలు. చింతగింజల చాట నా ముందు పెట్టి, ముందు అంచుల మీద పేర్చమంది. పెద్దదానికి రెండింతలు పట్టాయి. ఇక లోపల నింపమంది. చిన్నదాన్ని దోసెడు గింజలు నింపేశాయి. పెద్దదానిలో దోసిలి మీద దోసిలి పోస్తున్నాను, అది నిండదు. నాలుగు దోసిళ్లు పోస్తేగాని నేల కనబడకుండా పోలేదు.

"సూసినవా తమ్మీ? చుట్టు రెండింతలైతది, కడుపు నాలుగింతలైతది. నడిమి నుంచి అంచుదాకా ఉన్నదాన్ని దాంతోనే హెచ్చేసి, ఆనక మూడూ కొసరుతోని హెచ్చెయ్యాలె. ఒక జానకు ఒకటే. రెండు జానలకైతే రెండు రెండ్లు నాలుగు."

ఆడబిడ్డ గడపలో నిలబడి చూస్తోంది. అప్పుడైనా అక్క, నిన్నటి ఆకు సంగతి ఇదీ అని ఒక్క మాట అనలేదు. ఆమె వేళ్లకు తంగేడు పసుపు ఇంకా వదల్లేదు. నేను గింజలు చాటలోకి తిరిగి ఎత్తుతూ తల ఎత్తలేకపోయాను.

ఈ వయసులోనూ పిల్లలకు వృత్తం చెప్పేటప్పుడు ముందు అంచుకు గింజలు పెట్టిస్తాను, ఆ తరవాతే లోపల నింపిస్తాను. చుట్టుకొలత దగ్గర హుషారుగా ఉంటాను. వైశాల్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గుతుంది. తాతకు అలుపొచ్చిందని పిల్లలు మంచినీళ్లు తెచ్చిస్తారు. తాగేస్తాను. అలుపు కాదని చెప్పను. నా మాటల్లో ఇప్పటికీ అంచున పూలే ఎక్కువ, నడుమ ఆకు తక్కువ.

ఇదంతా రాసి, మిర్యాలగూడకు ఫోన్ చేసి అక్కకు చదివి వినిపించాను. ఆమెకిప్పుడు పెళ్లీడు మనవరాళ్లున్నారు. నా లెక్క తప్పడం వల్ల నువ్వు మాట పడ్డావు, ఇన్నాళ్లకైనా మన్నించమని అడిగాను.

"లెక్క తప్పిందా?" అంది అక్క. "పూలు రెండింతలు, ఆకు నాలుగింతలు తెమ్మని పొద్దుగాల్నే చెప్పి పంపిన గద రా. నువ్వు ఆకు తెంపుడు ఇడిసి కాల్వల ఈతకు పోయినవ్. నువ్వు గాడ నిలబడి లెక్క చెప్తుంటే, నీ నెత్తి నుంచి ఇంకా నీళ్లు కారుతుండె."